ఆఖరుగా ముట్టుకున్నదెవరు?

వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులు ఏదైనా రాసి పంపాలని కబురు రాగానే మేం నలుగురం ఫోన్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. మేం నలుగురం అంటే ఒకప్పటి ఏడో నంబరు గదివాళ్లం. హాస్టల్లో ఎవరికీ సొంత పేరు నిలవదని మీకు తెలుసు కదా, ఊరి పేరే పేరు. మదనపల్లె, పుంగనూరు, సత్యవేడు, కాళహస్తి, ఇవీ మా పేర్లు. ఒకరు ఆదివారం కోడికూర గురించి రాద్దామన్నారు. ఒకరు నీళ్ల ట్యాంకు కాడ జరిగిన గొడవల గురించి అన్నారు (అవి అచ్చులో వస్తే కొందరి ఉద్యోగాలకు ప్రమాదం!). చివరికి నలుగురికీ ఒకేసారి గుర్తొచ్చింది ఆ నల్ల ల్యాప్‌టాప్. ఆ మూడు రోజుల్లో ఎవరు ఏం చేశారో, ఎవరికి ఏ ఆలోచన వచ్చిందో ఇప్పుడు విడదీయలేం. అందుకే 'మేము' అని రాస్తున్నాం.

ఆ ల్యాప్‌టాప్ మన హాస్టల్‌కు 2012లో వచ్చింది. మనకంటే ముందు ఇక్కడ చదివి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక అన్న, కొత్తది కొనుక్కున్నాక పాతది తెచ్చి ఇచ్చి పోయాడు. 2006లో కొన్నదట. వచ్చేసరికే ఆరేళ్ల ముసలిది. బ్యాటరీ చచ్చిపోయింది, చార్జర్ పెడితేనే బతుకుతుంది. కీబోర్డులో ఒక అక్షరం ఊడిపోయి కింద రబ్బరు బొడిపె ఒక్కటే ఉండేది. అయినా ఎనభై మందికి అదే దిక్కు. స్టడీ హాల్లో బల్ల మీద పెట్టి, పక్కన ఒక రిజిస్టరు పెట్టాం. ఒక్కొక్కరికి ఒక గంట. పేరు, ఊరు, టైము, సంతకం. రిజిస్టరు పెట్టాలన్నది మా ఆలోచనే. ఆ రిజిస్టరే తర్వాత ఒకరి మెడకు చుట్టుకుంటుందని మేం అనుకోలేదు.

2014 మార్చి. పరీక్షల ముందు రోజులు. తిరుపతి ఎండ సంగతి మీకు చెప్పేదేముంది, మధ్యాహ్నం గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. దానికి తోడు కరెంటు కోతలు. ఒక మంగళవారం మధ్యాహ్నం మూడుంబావుకు కరెంటు పోయింది. బ్యాటరీ లేనిది కాబట్టి ల్యాప్‌టాప్ కూడా టప్పున ఆరిపోయింది. సాయంత్రం కరెంటు వచ్చింది. ల్యాప్‌టాప్ మాత్రం రాలేదు. బటన్ నొక్కితే చిన్న పచ్చ లైటు వెలుగుతుంది, లోపల ఫ్యాను గిర్రున తిరుగుతుంది, తెర మాత్రం అమావాస్యే.

రిజిస్టరు తీశారు. మూడు నుంచి నాలుగు, కుప్పం తమ్ముడు, బీకాం మొదటి సంవత్సరం.

ఆ పిల్లోడు హాస్టల్‌కు వచ్చి ఎనిమిది నెలలు. మాటలో సగం అరవం, కొంచెం కన్నడం కలిసి ఉండేది. ఎవరన్నా నవ్వుతారని పెద్దగా మాట్లాడేవాడు కాదు. కంప్యూటర్ ముందు కూర్చున్నది జీవితంలో అదే మొదలు. ఆ గంటలో వాడు చేస్తున్న పని ఏమిటంటే, అను ఫాంటులో వాళ్ల నాయన పేరు తెలుగులో టైపు చేయడం నేర్చుకుంటున్నాడు. ఒత్తు దగ్గర ఆగిపోయినాడట.

"లాస్టున ఎవరు ముట్టుకున్నారు?" అని వార్డెన్ సార్ అడిగారు. సార్ మంచివారే, కోపంగా కూడా అడగలేదు. కానీ ఆ మాట డార్మెటరీ అంతా తిరిగింది. "కుప్పమోడు ముట్టుకున్నాడంట, పోయిందంట." అన్నం తినేకాడ అదే మాట, కుళాయి కాడ అదే మాట. ముట్టుకోవడం అనే మాట మనలాంటి ఇళ్లలోంచి వచ్చినవాళ్లకు కొత్తదేం కాదు. బావుల దగ్గర, టీ కొట్ల దగ్గర మన పెద్దవాళ్లు విన్నదే. కానీ మన హాస్టల్లో, మనవాళ్ల నోట, మనవాడి మీద ఆ మాట పడటం మాకు అప్పుడు తట్టలేదు. సిగ్గుతోనే రాస్తున్నాం, మొదటి రోజు మేం కూడా వాణ్ణి అట్లాగే చూశాం. ఎందుకంటే మదనపల్లెవాడి ఎంసీఏ ప్రాజెక్టు రిపోర్టు అంతా దాంట్లోనే ఉంది. పెన్‌డ్రైవులో కాపీ పెట్టుకోలేదు. ఇంకా పది రోజుల్లో సబ్మిట్ చేయాలి. తప్పు ఎవరిదో మీరే చెప్పండి, కానీ ఆ రోజు మదనపల్లెవాడు కోపంగా చూసింది మాత్రం కుప్పంవాడినే.

బుధవారం దాన్ని గోనెసంచిలో చుట్టుకుని బజారులో ఒక రిపేరు షాపుకు తీసుకుపోయాం. అతను మూత కూడా విప్పలేదు. బటన్ ఒకసారి నొక్కి, ఫ్యాను శబ్దం విని, "మదర్‌బోర్డు పోయింది. నాలుగున్నర వేలు అవుతుంది, గ్యారంటీ లేదు" అన్నాడు. నాలుగున్నర వేలు! మా గదిలో నలుగురి జేబులు దులిపినా నాలుగు వందలు రాలవు.

ఆ రాత్రి పుంగనూరువాడు నీళ్లకని లేచి చూస్తే, వరండాలో లైటు కింద కుప్పం తమ్ముడు ట్రంకు పెట్టె సర్దుకుంటున్నాడు. ప్లేటు, గ్లాసు, రెండు జతల బట్టలు. ఏం రా అంటే పలకడు. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. సాయంత్రం ఎవరి ఫోనో అడుక్కుని ఇంటికి ఫోన్ చేసినాడంట. పెయ్యను అమ్మి డబ్బు తెస్తానని వాళ్ల నాయన అన్నాడంట. "నేను దాన్ని ముట్టకుండా ఉండాల్సింది అన్నా" అన్నాడు.

మిగతా ముగ్గురం కూడా లేచాం. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్లకు పెయ్య అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. రెండేళ్లు ఆగితే ఆవు, ఆవైతే పాలు, పాలైతే ఇంట్లో చేతికి డబ్బులు. దాన్ని అమ్మడమంటే రేపటి కుండ పగలగొట్టుకోవడమే. మదనపల్లెవాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, "రేయ్, పెట్టె లోపల పెట్టుకోపో. అది ఎక్కడ ఆగిపోయిందో చూసేదాకా ఎవురూ యాడికీ పోయేది లేదు" అన్నాడు.

ఆ మాట మాకు దారి చూపింది. రెండు రోజులుగా అందరం అడిగింది ఎవరు ముట్టుకున్నారని. ఎక్కడ ఆగిందని ఒక్కరూ అడగలేదు.

ల్యాప్‌టాప్ గానీ పెద్ద కంప్యూటర్ గానీ బటన్ నొక్కగానే విండోస్‌లోకి దూకదు. ముందు బోర్డుకు కరెంటు అందాలి. ప్రాసెసర్ లేచి బయోస్ అనే చిన్న ప్రోగ్రాం చదువుతుంది. అది మన హాస్టల్లో పొద్దున పూట అటెండెన్స్ లాగా ఒక్కొక్కరినీ పిలుస్తుంది. ర్యామ్ ఉందా, వీడియో ఉందా, కీబోర్డు ఉందా, హార్డ్‌డిస్కు ఉందా అని. దీన్నే పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్ అంటారు. అందరూ పలికితేనే విండోస్ వంతు వస్తుంది. మొదట్లో పిలిచినవాడే పలక్కపోతే మాస్టారు అక్కడే నిలబడిపోతాడు. బయటినుంచి చూసేవాళ్లకు మాత్రం బడి మొత్తం మూసేసినట్టే కనిపిస్తుంది. మాకు ఇది కొంత మదనపల్లెవాడి పుస్తకాల వల్ల, కొంత స్టడీ హాలు బీరువాలో ఉన్న 'కంప్యూటర్ ఎరా' పాత సంచికల వల్ల తెలుసు. తెలిసి కూడా రెండు రోజులు వాడలేదు.

గురువారం పొద్దున మొదలుపెట్టాం. ముందు గోడ ప్లగ్గు. ఫోన్ చార్జర్ పెట్టి చూస్తే బాగానే ఉంది. తర్వాత ల్యాప్‌టాప్ అడాప్టర్. కాళహస్తివాడి అన్న కరకంబాడిలోని అమరరాజా బ్యాటరీల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆయన దగ్గర మల్టీమీటరు ఉంది. అడాప్టర్ మీద 19 వోల్టులని రాసి ఉంటే మీటరు 19.2 చూపించింది. కాబట్టి అదీ మంచిదే. చచ్చిన బ్యాటరీని ఊడదీసి, చార్జర్ కూడా తీసేసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కిపట్టాం. బోర్డులో మిగిలిపోయిన చార్జి పోతుందని. చాలా ల్యాప్‌టాప్‌లు ఈ ఒక్క పనితోనే లేస్తాయి. మాది లేవలేదు.

తర్వాత తెర సంగతి. కొన్నిసార్లు తెర వెనక దీపం పోయి బొమ్మ మసకగా ఉంటుంది, టార్చి వేసి చూస్తే తెలుస్తుంది. వేసి చూశాం, ఏమీ లేదు. బాలాజీ కాలనీలో ఒక నెట్ సెంటర్ అన్నను బతిమాలి, వాళ్ల మానిటర్ వైరు మా దానికి తగిలించాం. 'నో సిగ్నల్' అని వచ్చింది. ఆ మాట చూసి సత్యవేడువాడు దిగాలుపడ్డాడు గానీ మదనపల్లెవాడు సంతోషపడ్డాడు. తెర తప్పు కాదని తేలింది కదా. ఒక్కొక్కటి మంచిదని తేలేకొద్దీ చెడ్డది దాక్కునే చోటు తగ్గిపోతుంది.

ఇక విప్పడమే మిగిలింది. గాంధీ రోడ్డులో వాచీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర సన్న స్టార్ స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చాం. "స్క్రూ పోగొడితే మీ తల తీసేస్తా" అని చెప్పి మరీ ఇచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక స్టడీ హాల్లో పాత దినపత్రిక పరిచి, తీసిన స్క్రూలను ఏ వరుసలో తీశామో ఆ వరుసలోనే పెట్టాం. లోపల చెయ్యి పెట్టేముందు ప్రతిసారీ కిటికీ ఇనుప కడ్డీని ముట్టుకున్నాం. మన ఒంట్లోని స్థిర విద్యుత్తు చిన్న చిన్న చిప్పులను కాల్చేస్తుంది. కుప్పం తమ్ముడు దూరంగా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "ఇట్లా రా రా, టార్చి పట్టుకో" అంటే వచ్చాడు గానీ చేతులు వెనక్కే పెట్టుకున్నాడు. టార్చి చేతిలో పెట్టాల్సి వచ్చింది.

మూత తీయగానే దుమ్ము. ఫ్యాను రెక్కల మీద దూదిలాగా పేరుకుపోయింది. దాంట్లో ఎండిపోయిన ఒక చిన్న బొద్దింక! మాకు నవ్వాగలేదు. కంప్యూటర్ లోపాన్ని 'బగ్' అంటారు కదా. 1947 సెప్టెంబరు 9న, అంటే మనకు స్వాతంత్ర్యం వచ్చి నెల తిరక్కముందే, అమెరికాలోని హార్వర్డ్ మార్క్-2 యంత్రం మొరాయిస్తే, రిలేలో ఇరుక్కున్న ఒక రెక్కల పురుగు దొరికింది. దాన్ని అక్కడివాళ్లు టేపుతో నోటుబుక్కులో అంటించి పెట్టారు. ఆ మాట అంతకు ముందునుంచే ఉన్నా, పురుగు నిజంగా దొరికింది అప్పుడే అన్నట్టు ఆ పుటలో రాసుకున్నారు. మా బొద్దింకను కూడా రిజిస్టరులో అంటిద్దామని పుంగనూరువాడు అన్నాడు. వద్దన్నాం. అయితే దోషం ఆ బొద్దింకది కాదు. బ్రష్షుతో దుమ్మంతా దులిపి బటన్ నొక్కినా తెర చీకటిగానే ఉంది.

అప్పుడు ర్యామ్ పలకలు రెండూ తీసేసి బటన్ నొక్కాం. బీప్, బీప్, బీప్ అని అరిచింది! రెండు రోజులుగా మూగగా ఉన్నది అరిచేసరికి మేం ఎగిరి గంతేశాం. ర్యామ్ లేదని చెప్పడానికైనా బోర్డు బతికుండాలి, ప్రాసెసర్ బతికుండాలి. మదర్‌బోర్డు పోయిందన్న మాట అక్కడితో తేలిపోయింది. నాలుగున్నర వేలు కూడా అక్కడే తేలిపోయాయి.

టార్చి వెలుగులో ర్యామ్ పలకల అంచున బంగారు రంగు పళ్లు చూస్తే, కొన్ని నల్లబడి ఉన్నాయి. "బ్యాటరీ టెర్మినల్‌కు బూజు పడితే బండి స్టార్టు కాదని మా అన్న చెప్తాడు. తుడిస్తే లేస్తుంది" అని కాళహస్తివాడు అన్నాడు. ఉప్పుకాగితం పెడితే పూత పోతుంది కాబట్టి పెన్సిల్ రబ్బరు తీసుకున్నాం. ఆ రబ్బరు కుప్పం తమ్ముడి కంపాస్ బాక్సులోదే. "నువ్వే రుద్దు" అని మదనపల్లెవాడు పలకను వాడి చేతిలో పెట్టాడు. వాడు ముట్టుకోనన్నాడు. "ముట్టుకో రా. ఏం కాదు. ఇది అందరిదీ" అన్నాడు మదనపల్లెవాడు. రెండు రోజుల తర్వాత వాడితో మాట్లాడిన మంచి మాట అదే.

వాడు రుద్దాడు. అమ్మ చెంబు తోమినట్టు ఓపికగా, రెండు పక్కలా, పొట్టు ఊదుకుంటూ రుద్దాడు. రెండూ పెట్టి నొక్కితే మళ్లీ మౌనమే. అప్పుడు ఒక్కొక్కటిగా పెట్టి చూశాం. మొదటి పలక ఏ గాడిలో పెట్టినా చీకటే. రెండోది పెట్టి, టక్కుమనేదాకా నొక్కి, బటన్ నొక్కాం. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. రాత్రి పన్నెండున్నర. అందరం అరిచిన అరుపుకు వాచ్‌మన్ కర్ర తీసుకుని పరుగెత్తి వచ్చాడు, దొంగలనుకుని.

కథ అక్కడితో అయిపోలేదు. తారీఖు తప్పుగా ఉందని, ఎఫ్1 నొక్కమని అడిగింది. లోపల గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ కూడా అయిపోయింది. పెద్ద కంప్యూటర్లలో సీఆర్ 2032 అని 3 వోల్టుల బిళ్ల ఉంటుంది, గోరుతో తీసి మార్చవచ్చు. మా దాంట్లో అది కీబోర్డు అడుగున వైరుతో అతికి ఉంది, మొత్తం ఊడదీయాలి. వచ్చినదాన్ని పోగొట్టుకుంటామేమోనని వదిలేశాం. ఎఫ్1 నొక్కితే విండోస్ ఎక్స్‌పీ బొమ్మ వచ్చి, వెంటనే నీలం తెర పడింది. హార్డ్‌డిస్కు కూడా దెబ్బతింది. ఆ మంగళవారం కరెంటు పోయిన దెబ్బ బహుశా తగిలింది ఇక్కడే.

ఇక్కడ మాకు ఉపయోగపడింది ఒక పోస్టు కవరు. ఉబుంటు అనే లినక్స్ సీడీలను 2011 దాకా అడిగినవాళ్లకు ఉచితంగా పోస్టులో ఇంటికి పంపేవారు. మా సీనియర్ ఒకరు తెప్పించుకున్న సీడీ బీరువాలో ఉంది. హార్డ్‌డిస్కుతో పనిలేకుండా సీడీ నుంచే కంప్యూటర్ నడుస్తుంది. మిగిలింది 512 ఎంబీ ర్యామ్ ఒక్కటే కదా, ముక్కుతూ మూలుగుతూ పావుగంటకు తెర తెరుచుకుంది. మదనపల్లెవాడి ఫోల్డరు కనిపించింది. మరమ్మతు సంగతి తర్వాత, ముందు అన్నీ పెన్‌డ్రైవులోకి కాపీ చేశాం. డిస్కు చెడే దశలో ఉంటే ఈ వరుస తప్పకూడదు. రిపోర్టులో మూడో అధ్యాయం మాత్రం రాలేదు, ఎన్నిసార్లు లాగినా తప్పు చూపించింది. దాన్ని మదనపల్లెవాడు రెండు రాత్రులు కూర్చుని మళ్లీ టైపు చేశాడు. చదివి చెప్పింది కుప్పం తమ్ముడు. కాపీ అయ్యాక చెక్‌డిస్క్ నడిపిస్తే తెల్లవారుజామున ఎక్స్‌పీ కూడా లేచింది.

ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. మీ కాలపు ల్యాప్‌టాప్‌లు వేరు. చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికిస్తున్నారు, బ్యాటరీ లోపలే ఉంటోంది, రబ్బరు వైద్యం అన్నిటికీ కుదరదు. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే మాత్రం నొక్కకండి, గుచ్చకండి, వాడటం ఆపి తెలిసినవాళ్లకు ఇవ్వండి. మైక్రోసాఫ్ట్ వాళ్లు ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మద్దతు ఆపేశారు. మద్దతు ఆగితే మిషను చచ్చినట్టు కాదు. లినక్స్ వేసుకుంటే మా ముసలిదానిలాంటివి ఇంకా కొన్నేళ్లు నడుస్తాయి.

శుక్రవారం పొద్దున ఎనిమిదికి కుప్పం తమ్ముడి నాయన వచ్చాడు. పలమనేరు, చిత్తూరు మీదుగా రాత్రంతా బస్సులో వచ్చాడంట. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. హాస్టల్ అరుగు మీద కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. తువ్వాలు కొసన ముడి వేసి రెండు వేలు ఉన్నాయి. పెయ్యకు దళారి ఇచ్చిన అడ్వాన్సు. "మిగతాది సోమవారం సంతలో ఇస్తాడు సామీ, మావాణ్ణి పంపించొద్దు" అన్నాడు వార్డెన్ సార్‌తో.

సార్ ఆయన చెయ్యి పట్టుకుని స్టడీ హాల్లోకి తీసుకొచ్చారు. ల్యాప్‌టాప్ వెలుగుతోంది. మేం చెడిపోయిన ర్యామ్ పలకను ఆయన చేతిలో పెట్టి, ఇదే చెడింది, మీవాడి తప్పేం లేదు, దానికి వయసైపోయింది అని చెప్పాం. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంత రేకు ముక్కకా?" అన్నాడు. కామాటి అన్న వేడివేడిగా సంగటి, చెనక్కాయల ఊరిబిండి పెట్టాడు. ఆయన తింటుంటే వార్డెన్ సార్ పక్కనే కూర్చున్నారు. "మీవాణ్ణి అడిగిన పద్ధతి సరిగ్గా లేదు, నాదే పొరపాటు" అన్నారు. మేం అప్పటిదాకా ఏ సార్ నోటా వినని మాట అది. దళారికి అడ్వాన్సు తిరిగి ఇవ్వడానికి ఆయన అదే రోజు ఊరికి బయల్దేరాడు. పోతూ ఆ రేకు ముక్కను అడిగి తీసుకున్నాడు, ఇంట్లో ఆడోళ్లకు చూపించాలని.

రిజిస్టరును మేం తీసేయలేదు. కాకపోతే సంతకం పక్కన ఇంకో గడి గీశాం: 'మిషను ఎక్కడ ఆగింది?' దాంట్లో మొదటి మాట రాసింది కుప్పం తమ్ముడే. ఆ తర్వాత రెండేళ్లు ఎవరి ల్యాప్‌టాప్ మొరాయించినా, ఎవరి ఫోను పడుకున్నా, కంపాస్ బాక్సు పట్టుకుని వాడే వచ్చేవాడు.

ఆ ముసలిది 2017 దాకా నడిచింది. గడియారం బిళ్ల ఎవరూ మార్చలేదు. ప్రతి పొద్దునా ఎఫ్1 నొక్కి, అది ఎప్పుడూ చూపించే 2003 జనవరి 1నే ఒప్పుకుని పని చేసుకునేవాళ్లం. 2014 వార్షికోత్సవ సంచిక మొత్తం దాంట్లోనే టైపు చేశాం. కవరు వెనక పేజీలో దాతల పేర్ల కింద, పెయ్యను అమ్మకుండా వెనక్కి పోయిన ఆ నాయన పేరు కూడా ఉంది. టైపు చేసింది వాళ్ల కొడుకే, ఒత్తు తప్పు లేకుండా. ఆ సంచిక ఫైలు ఇప్పటికీ మా దగ్గర ఉంది. తెరిచి చూస్తే తయారైన తేదీ 2003 జనవరి 1 అనే ఉంటుంది.